కలలో కొట్లాట, ఒంటికి దెబ్బలు: పరకాల వైపు నుంచి వచ్చిన ఒక ఆర్‌బీడీ కేసు

ఆర్‌బీడీ అంటే రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్, కలలో చేసే పనిని నిద్రలోనే ఒంటితో చేసే జబ్బు. రోగి 63 ఏళ్ళ రైతు. ఊరు హనుమకొండ జిల్లా పరకాల దగ్గరి పల్లె. మిర్చి, పత్తి వేస్తారు. చదువు ఐదో తరగతి వరకు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాం. ఈ ప్రాంతం నుంచి ఇదే తరహాలో వచ్చే కేసుల్లోని అంశాలు కొన్ని ఇందులో కలిపాం.

తలకు ఆరు కుట్లు పడ్డాక ఆయన్ని తీసుకొచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి మంచం మీంచి ఎగిరి బీరువా అంచుకు తగిలారు. భార్య ముంజేతి మీద వారం క్రితం నాటి కమిలిన గాయం ఉంది. ఆమె చెప్పింది ఇది: "నాలుగేండ్ల సంది నిద్రల మాట్లాడుతుండు సారు. ఏడాది సంది గుద్దుతుండు, తంతుండు. లేపి అడిగితె చేన్ల పందులు పడ్డయ్, తరుముతున్న అంటడు." గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మూడు అమావాస్యలు ఆగి చూశారు. ఆ ఆలస్యానికి ఇంటివాళ్ళను తప్పుపట్టలేం. పగలు ఏ తేడా లేకుండా పనిచేసుకునే మనిషి రాత్రి అరుస్తూ ఎగిరిపడితే, అది మెదడు కాండానికి (మెదడును వెన్నుపాముతో కలిపే భాగానికి) సంబంధించిన జబ్బని ఊహించడం ఎవరికైనా కష్టమే.

అడిగి తెలుసుకున్నవి

రోగిని ఒక్కరినే అడిగితే "మంచిగనే పంటున్న" అంటారు. పక్కన పడుకునే మనిషి లేకుండా ఈ జబ్బు తేలదు. జల్లెడ పట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: కలలో చేసే పనిని నిద్రలో ఉండగానే నిజంగా చేస్తున్నట్టు, అంటే కొట్టడం, తన్నడం, పరుగెత్తబోవడం వంటివి, మీకు ఎప్పుడైనా అనిపించిందా, ఎవరైనా మీతో అన్నారా? అవునంటే అక్కడి నుంచి నాలుగు సంగతులు విడివిడిగా అడగాలి. ఏ వేళకు జరుగుతుంది, కళ్ళు తెరిచి ఉంటాయా మూసి ఉంటాయా, లేపితే ఎంతసేపటికి తెలివిలోకి వస్తారు, కల గుర్తుంటుందా.

ఈయనకు రాత్రి రెండు తర్వాతే, ఎక్కువగా మూడు నుంచి ఐదు మధ్య జరుగుతుంది. కళ్ళు మూసే ఉంటాయి. పిలవగానే లేస్తారు, లేచిన వెంటనే కల చెబుతారు. గది దాటి ఎప్పుడూ పోలేదు. ఇదంతా రెమ్ నిద్రకు, అంటే కలలు ఎక్కువగా వచ్చే దశకు, సరిపోతుంది. రెమ్ నిద్ర రాత్రి చివరి మూడో వంతులోనే ఎక్కువగా ఉంటుంది కదా. నిద్రలో నడిచే జబ్బయితే రాత్రి మొదటి భాగంలో వస్తుంది, కళ్ళు తెరిచి ఉంటాయి, లేపినా అయోమయంగా ఉంటారు, పొద్దున ఏమీ గుర్తుండదు. ఫిట్స్ అయితే ప్రతిసారీ అదే కదలిక అచ్చు గుద్దినట్టు వస్తుంది, ఒక్క రాత్రిలోనే చాలాసార్లు రావచ్చు.

వీడియో తీయమన్నాం. చిన్న బల్బు వెలుగులో ఫోన్‌ను గూట్లో పెట్టి, తెల్లవారుజాము రెండు గంటలు రికార్డు చేయాలి. మూడు రాత్రుల్లో రెండు సంఘటనలు దొరికాయి. ఒకదాంట్లో కుడి చేత్తో కర్ర విసురుతున్నట్టు ఊపి, ఎవరినో అదిలించారు.

మిగతా ప్రశ్నలు నిద్రకు సంబంధం లేనట్టు కనిపిస్తాయి కానీ వదలకూడదు. ఈ జబ్బు చాలామందిలో పార్కిన్సన్స్ వంటి జబ్బులకు ముందుగా వచ్చే గుర్తు. మలబద్ధకం పదేళ్ళుగా ఉంది. వాసన గురించి అడిగితే "మిరపకాయల కోరు బాగనే తెలుస్తది" అన్నారు. ఇక్కడ పొరపాటు పడే వీలుంది. మిర్చి ఘాటును పట్టేది వాసన నరం కాదు, ముఖానికి స్పర్శ ఇచ్చే ట్రైజెమినల్ నరం. వాసన పూర్తిగా పోయినవాళ్ళకూ మిర్చి కల్లంలో తుమ్ములొస్తాయి. కళ్ళు మూయించి, ఒక్కో ముక్కు రంధ్రం దగ్గర కాఫీ పొడి, సబ్బు, జీలకర్ర పెట్టి చూశాం. మూడింటిలో ఒక్కటీ చెప్పలేకపోయారు.

పడుకోబెట్టి ఐదు నిమిషాలయ్యాక బీపీ 142/86. నిలబెట్టిన మూడో నిమిషానికి 118/78. పై అంకె 20 లేదా అంతకుమించి పడిపోతే అది లెక్కలోకి వస్తుంది. వేళ్ళ కదలిక, నడక, చేతుల బిగుతు మామూలుగానే ఉన్నాయి. వణుకు లేదు. పార్కిన్సన్స్ అనడానికి ఆధారం లేదు.

మందుల చీటీ, కల్లు సీసా

అరికాళ్ళ మంటకు ఎనిమిది నెలలుగా రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా. వేసుకుంటున్నారు. షుగర్ వల్ల వచ్చే మంటకు అది సరైన మందే. కానీ డిప్రెషన్ మందుల్లో చాలావరకు, అంటే అమిట్రిప్టిలిన్ కోవలోవి, ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్, మిర్టాజపిన్ వంటివి, రెమ్ నిద్రలో కండరాలు వదులయ్యే ఏర్పాటును చెడగొడతాయి. లోపల దాగి ఉన్న జబ్బును బయటికి లాగుతాయి, ఉన్నదాన్ని ముదిరిస్తాయి. గుద్దడం, తన్నడం ఏడాదిగా ఉన్నా, వారానికి రెండు మూడు రాత్రులకు పెరిగింది ఈ మందు మొదలైన తర్వాతే. బీపీ పడిపోవడానికీ, మలబద్ధకానికీ కూడా ఇది కొంత కారణం కావచ్చు. దీన్ని తీసేసి డులాక్సెటిన్ రాయడం మామూలుగా జరిగే పని. అలా రాస్తే నిద్ర విషయంలో ఒరిగేదేమీ ఉండదు.

ఇంకో సంగతి కల్లు. ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్న అడక్కుండా నిద్ర మందు రాయకూడదన్నది మా గట్టి అభిప్రాయం. కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నట్టు ఎక్సైజ్ దాడుల్లో పలుమార్లు బయటపడింది. తాగే మనిషికి తాను రోజూ నిద్రమాత్ర మింగుతున్నట్టే తెలియదు. ఎంత మోతాదు పడుతోందో అమ్మేవాడికీ తెలియదు. ఈయనకు సాయంత్రం రెండు సీసాలు అలవాటు. కిందటేడు అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశారు. మూడో రోజు నుంచి చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, పట్టిన కాసేపూ కేకలే. "మాల ఏసుకున్నన్ని దినాలు చాప మీద పండిండు, అందుకే దెబ్బలు తాకలె" అన్నారు భార్య. ఆ ఒక్క మాటలో రెండు సూచనలున్నాయి. మత్తు ఆపగానే రెమ్ నిద్ర ఒక్కసారిగా ఎగదన్నింది. ఎత్తు లేని పడక ఆయన్ని కాపాడింది.

మూత్రంలో బెంజోడైజెపీన్ (అల్ప్రజోలం, డైజిపామ్ కోవ మందులు) స్ట్రిప్ పాజిటివ్ వచ్చింది. ఆయన చీటీలో ఆ కోవ మందు ఒక్కటీ లేదు. ఈ స్ట్రిప్‌లు అల్ప్రజోలాన్ని బాగానే పడతాయి, క్లోనజెపామ్‌ను తరచు వదిలేస్తాయి. నెగటివ్ వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు.

మందుకు ముందు పడక

చికిత్సలో మొదటి రోజే చేయవలసింది గదిని మార్చడం. దీనికి ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగనక్కర్లేదు. మాత్ర పనిచేయడానికి వారాలు పడుతుంది, బీరువా అంచు మాత్రం ఈ రాత్రికే ఉంటుంది.

"పరుపు నేల మీద వేయండి" అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. మన పల్లెల్లో ఆ సలహాను ఉన్నదున్నట్టు ఇవ్వలేం. వానాకాలంలో కట్లపాము రాత్రిపూట ఇళ్ళలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. అందుకని మధ్యేమార్గం చూశాం. నవారు మంచం తీసేసి ఎనిమిది అంగుళాల ఎత్తున్న చెక్క బల్ల వేయించాం. దానికి రెండు వైపులా పాత పరుపులు పరిపించాం. దోమతెర పైకప్పు కొక్కేనికి వేలాడదీసి, అంచులు పరుపు కిందికి నాలుగు వైపులా దోపించాం. మంచం కోళ్ళకు కర్రలు కట్టి తెర వేస్తే, కొట్టుకునేటప్పుడు కర్రలే తగులుతాయి. తలుపు కింది సందులో గుడ్డ కుక్కించాం.

పడకకు అన్ని పక్కలా కనీసం మూడడుగుల ఖాళీ ఉండాలి. బీరువాను పక్క గదిలోకి మార్చారు. స్టాండు ఫ్యాన్, అద్దం, నీళ్ళ బిందె, మస్కిటో కాయిల్ తీసేశారు. కిటికీ గాజు పలకకు లోపలి వైపు మందపాటి బొంత కట్టారు. గొడ్డలి, కొడవలి ఇంటి వెనక కొట్టంలో పెట్టి తాళం వేశారు. కల మధ్యలో చేతికందిన వస్తువు ఆయుధమవుతుంది. భార్య పడక అదే గదిలో, చేయి సాచినా అందని దూరంలో. వేరే గదిలో పడుకోమని మేం సాధారణంగా చెప్పం. సాక్షి లేకపోతే మందు పనిచేస్తోందో లేదో తెలిసే దారి పోతుంది.

కొన్ని ఇళ్ళలో కాలిని తువ్వాలతో మంచానికి కడతారు. అది చేయకూడదు. పెనుగులాటలో కీలు తప్పుతుంది, తలకిందులుగా పడితే ఊపిరే ఆగవచ్చు. లేపే పద్ధతి కూడా నేర్పాలి. భుజం పట్టి కుదిపితే కలలో ఉన్న శత్రువు మీరే అవుతారు. దూరంగా నిలబడి, లైటు వేసి, రోజూ పిలిచే పిలుపుతోనే గట్టిగా పిలవాలి. మనవడి పేరు ముందు చేర్చి "ఓ ఫలానా తాతా" అని పిలిచినా లేస్తారు.

కల్లం కాడ పడుకోవడం అన్నిటికన్నా కష్టమైన చర్చ. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పంట తోలేదాకా మిర్చి కల్లాన్ని రాత్రిళ్ళు కాయాలి. అక్కడ గోడ లేని వ్యవసాయ బావి ఉంది, మోటారు స్టార్టరు ఉంది. కొన్ని చేన్ల చుట్టూ పందుల కోసం కరెంటు తీగ కూడా ఉంటుంది. పందులను తరిమే కల వచ్చే మనిషి ఆ చోట పడుకోకూడదు. పెద్ద కొడుకు కావలి కాయడానికి ఒప్పుకున్నాకే మిగతా విషయాల్లోకి వెళ్ళాం.

తీసేయవలసినవి తీయడం

అమిట్రిప్టిలిన్‌ను 10 మి.గ్రా.కు తగ్గించి, రెండు వారాల తర్వాత ఆపేశాం. కిడ్నీ పరీక్ష చూసుకుని, కాళ్ళ మంటకు రాత్రి గాబాపెంటిన్ 100 మి.గ్రా.తో మొదలుపెట్టి 300కు పెంచాం. దీనికి మత్తు ఉంటుంది కానీ రెమ్ నిద్రను ఆ విధంగా చెడగొట్టదు.

కల్లును ఇంట్లో ఒక్కసారిగా ఆపించలేదు. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మానసిక వైద్య నిపుణులతో కలిసి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచాం. కల్లు ఆపి, తెలిసిన కొలతలో డైజిపామ్ రోజుకు 15 మి.గ్రా. విడతలుగా ఇచ్చాం. మోతాదును సీసాల లెక్కతో కట్టలేదు, వణుకు, చెమట, నాడి చూసి కట్టాం. తర్వాత వారం వారం కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఏడో వారానికి ఆపేశాం. థయామిన్ (బీ1 విటమిన్) కూడా ఇచ్చాం. తగ్గింపు చివరి రెండు వారాల్లో కేకలు పెరిగాయి. పెరుగుతాయని ముందే చెప్పి ఉంచాం కాబట్టి ఇంటివాళ్ళు బెదిరి మళ్ళీ సీసా తేలేదు.

నిర్ధారణ

ఆర్‌బీడీని ఖాయం చేసేది రాత్రంతా చేసే వీడియో పాలీసోమ్నోగ్రఫీ, అంటే నిద్రలో మెదడు తరంగాలు, కండరాలు, ఊపిరి కలిపి రికార్డు చేసే పరీక్ష. "స్లీప్ టెస్ట్" అని ఇంటికి పంపే చిన్న పరికరాలు చాలావరకు ఊపిరి, ఆక్సిజన్, నాడి మాత్రమే రాస్తాయి. మెదడు తరంగాలు, గడ్డం కింది కండరం రికార్డు కాకపోతే రెమ్ నిద్ర ఎప్పుడు వచ్చిందో, అప్పుడు కండరం వదులైందో లేదో తెలియదు. డబ్బు కట్టే ముందే మూడు సంగతులు అడగాలి. ఈఈజీ (మెదడు తరంగాల రికార్డు) ఉందా, గడ్డంతో పాటు రెండు ముంజేతుల కండరాలకూ ఎలక్ట్రోడ్లు పెడతారా, శబ్దంతో సహా వీడియో ఉంటుందా. ఈయన హైదరాబాద్ వెళ్ళవలసి వచ్చింది.

డైజిపామ్ ఆపిన మూడు వారాల తర్వాత పరీక్ష చేయించాం. దాని అవశేషాలు ఒంట్లో చాలా రోజులు ఉంటాయి. అమిట్రిప్టిలిన్ మీద ఉండగా చేయించి ఉంటే, కనబడిన కండరాల బిగువు మందుదా జబ్బుదా అని తేలేది కాదు. రెమ్ నిద్రలోని 30 సెకన్ల భాగాల్లో 44 శాతంలో గడ్డం, ముంజేతి కండరాలు చురుగ్గా ఉన్నాయి. ఈ లెక్కకు 27 శాతాన్ని గీతగా తీసుకుంటారు. ఒక కేక, రెండుసార్లు పిడికిలి విసరడం వీడియోలో పడ్డాయి, అన్నీ రెమ్ నిద్రలోనే.

గంటకు 11 సార్లు ఊపిరి ఆటంకం కూడా కనిపించింది, ఎక్కువగా వెల్లకిలా పడుకున్నప్పుడు. ఇది చూడడం తప్పనిసరి. తీవ్రమైన స్లీప్ ఆప్నియాలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేటప్పుడు అచ్చం ఇలాగే కొట్టుకుంటారు, సీపాప్ (మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చే యంత్రం) పెడితే అదంతా పోతుంది. ఇక్కడ పిడికిలి విసిరిన రెండుసార్లూ ముందు ఊపిరి ఆటంకం లేదు. పక్కకు తిరిగి పడుకోమని చెప్పి, ఆ సంగతి అంతటితో వదిలాం.

ఇంటివాళ్ళకు జబ్బును ఇలా చెప్పాం. కల వస్తున్నంతసేపూ మెదడు నడుస్తూనే ఉంటుంది, ఇంజిన్ ఆన్‌లో ఉన్న ట్రాక్టర్‌లాగా. మెదడు కాండం క్లచ్ తొక్కి పట్టి ఉంచడం వల్ల కాళ్ళూ చేతులూ కదలవు. ఆ క్లచ్ అరిగిపోవడమే ఈ జబ్బు. 1965లో మిషెల్ జువే పిల్లుల్లో మెదడు కాండంలోని ఆ చిన్న భాగాన్ని దెబ్బతీస్తే అవి నిద్రలోనే వేటాడడం చూశారు. మనుషుల్లో దీన్ని ఒక జబ్బుగా 1986లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ బృందం వర్ణించింది.

ఏ మందు, ఎందుకు

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2023 మార్గదర్శకాల్లో క్లోనజెపామ్, వెంటనే విడుదలయ్యే మెలటోనిన్ (నిద్రవేళను నడిపే హార్మోన్ మాత్ర), కొందరికి రివాస్టిగ్మిన్, ప్రమిపెక్సోల్ ఉన్నాయి. అన్నీ షరతులతో కూడిన సూచనలే. అంటే ఆధారం బలంగా లేదు, రోగిని బట్టి ఎంచుకోవాలి.

ఎక్కువమంది రాసేది క్లోనజెపామ్. పడుకునే ముందు 0.25 లేదా 0.5 మి.గ్రా.తో మొదలుపెడతారు, 1 మి.గ్రా. దాటడం తక్కువ, 2 మి.గ్రా. పైకి పోరు. చాలామందిలో దెబ్బలు త్వరగా తగ్గుతాయి. అది రెమ్ నిద్రలో కండరాలను పూర్తిగా వదులు చేయదు, పెద్ద పెద్ద కదలికలను అణుస్తుంది. ఒంట్లో సగానికి తగ్గడానికే 30, 40 గంటలు పడుతుంది కాబట్టి మర్నాడు పగలు కూడా కొంత ఉంటుంది. వయసు మళ్ళినవాళ్ళలో తూలి పడడం, మతిమరుపు, గురక ఉన్నవాళ్ళలో ఊపిరి ఆటంకం పెరగడం అందుకే. ఈయనకు నిలబడితే బీపీ పడిపోతోంది, మూత్రానికి రాత్రి రెండుసార్లు లేస్తారు, పైగా అదే కోవ మత్తుకు అలవాటుపడి ఇప్పుడే బయటపడ్డారు. అందుకని మొదటి మందుగా ఇవ్వలేదు.

మందుల షాపుల్లో క్లోనజెపామ్, ఎసిటలోప్రామ్ కలిపిన మాత్ర విరివిగా దొరుకుతుంది. మాత్ర పేర్లు దగ్గరగా ఉంటాయి. ఆర్‌బీడీ రోగికి ఆ జంట మాత్ర పడితే సగం మాత్ర జబ్బును తగ్గిస్తుంటే మిగతా సగం పెంచుతుంటుంది. "మందు పనిచేయట్లేదు" అని వచ్చినప్పుడు ముందుగా షీటు వెనక రాసిన మందు పేర్లు చదవాలి.

మెలటోనిన్‌తో మొదలుపెట్టాం. 3 మి.గ్రా., వెంటనే విడుదలయ్యే రకం. నెమ్మదిగా విడుదలయ్యే రకంతో 2019, 2020లో వచ్చిన చిన్న పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రకన్నా మేలు కనబడలేదు. రోజూ గడియారం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకే వేసుకోవాలి, నిద్ర వచ్చినప్పుడు కాదు. రోజుకో వేళ మింగడమే ఇది విఫలమవడానికి మేం తరచు చూసే కారణం. వారానికి 3 మి.గ్రా. చొప్పున పెంచుతూ 15 వరకు పోవచ్చు. ఈయనకు 12 దగ్గర పొద్దున తల దిమ్ముగా ఉందన్నారు, 9కి దింపాం. బీడీ పొగ ఈ మందును త్వరగా కరిగించేస్తుంది, సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ రక్తంలో దాని మట్టాన్ని పెంచుతుంది. కొనేటప్పుడు ఒకే కంపెనీది కొనాలి. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, లోపలి మోతాదు లేబుల్ మీద ఉన్నదానికన్నా 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ వరకు తేలింది.

రివాస్టిగ్మిన్ పట్టీని జ్ఞాపకశక్తి తగ్గినవాళ్ళలో వాడతాం. 4.6 మి.గ్రా.తో మొదలుపెట్టి, రోజూ అతికించే చోటు మార్చాలి, నాడి వేగం ముందే చూసుకోవాలి. మన ఎండల్లో చెమటకు పట్టీ ఊడిపోతుంది, వీపు పై భాగం కొంత నయం. ప్రమిపెక్సోల్ బీపీని ఇంకా పడగొట్టవచ్చు, అందుకే ఈయన విషయంలో ఆలోచించలేదు.

లెక్క, ఫలితం

భార్యకు రాయడం రాదు. గోడ క్యాలెండర్ మీద గుర్తులు పెట్టమన్నాం: మాటలు, కేకలయితే ఒక గీత, చేతులూ కాళ్ళూ విసిరితే రెండు, పడక దాటితే మూడు. మెలటోనిన్‌కు ముందు 14 రాత్రుల్లో పదకొండు రాత్రులు కనీసం ఒక గీత పడింది. వాటిలో ఐదింట రెండు గీతలు, రెండింట మూడు. ఎనిమిది వారాల తర్వాత 14 రాత్రుల్లో ఆరు రాత్రులకే గుర్తులున్నాయి, అందులో ఒక్కదానికే రెండు గీతలు, మూడు గీతలు లేనే లేవు. బీపీ తేడా 14కు తగ్గింది. కాళ్ళ మంట పూర్తిగా పోలేదు.

ఆరో నెలలో ఒక పెళ్ళికి పోయి రెండు రోజులు కల్లు తాగారు. తిరిగొచ్చిన మూడో రాత్రి మూడు గీతలు పడ్డాయి. దోమతెర దోపి ఉండడం వల్ల పక్క పరుపు మీదే ఆగారు. మోతాదు పెంచలేదు. కల్లు మళ్ళీ ఆగాక పది రోజుల్లో పాత స్థితికి వచ్చారు.

ముందున్నది చెప్పడం

కారణం వేరే కనబడని ఆర్‌బీడీ చాలామందిలో పార్కిన్సన్స్, లేదా లూయీ బాడీ డిమెన్షియా (ఒక రకం మతిమరుపు జబ్బు), లేదా మల్టిపుల్ సిస్టమ్ ఆట్రొఫీకి (పార్కిన్సన్స్‌ను పోలిన ఇంకో మెదడు జబ్బు) ముందుగా వచ్చే గుర్తు. 2019లో 24 కేంద్రాల నుంచి 1,280 మందిని గమనించిన అధ్యయనంలో ఏడాదికి 6.3 శాతం మంది అలా మారారు, పన్నెండేళ్ళకు 73.5 శాతం. అమిట్రిప్టిలిన్ వల్ల బయటపడింది కదా, ఆపేశాం కదా అని కొట్టిపారేయలేం. మందు ఆపిన చాలా వారాల తర్వాతి పరీక్షలోనూ జబ్బు ఉంది. వాసన పోవడం, మలబద్ధకం, నిలబడితే బీపీ పడడం కూడా అటువైపే చూపిస్తున్నాయి.

దీన్ని ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది రోగినే అడిగి తేల్చుకోవాలి. "ముందు ముందు ఏమైనా రావచ్చా అన్నది ఇప్పుడు తెలుసుకుంటారా, తర్వాత మాట్లాడదామా" అని అడిగాం. కొడుకును కూర్చోబెట్టుకుని చెప్పమన్నారు. ఆపే మందు ఇప్పటికి లేదని, నడక, వ్యాయామం వదలొద్దని, ఏళ్ళ తరబడి ఏమీ రాకపోవచ్చని కూడా అప్పుడే చెప్పాం. ఆరు నెలలకోసారి నడక, వేళ్ళ వేగం, చేతిరాత, నిలబడితే బీపీ, జ్ఞాపకశక్తి చూస్తున్నాం.

ఒక కార్డు రాసి చొక్కా జేబులో పెట్టుకోమని ఇచ్చాం. అందులో నాలుగు వరుసలున్నాయి. రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ ఉంది. వేరే జబ్బుతో ఆస్పత్రిలో చేరి మతి తప్పి మాట్లాడితే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇవ్వొద్దు, వాంతులకు మెటోక్లోప్రమైడ్ వద్దు. డిప్రెషన్‌కో నొప్పికో కొత్త మందు రాసే ముందు న్యూరాలజీ విభాగాన్ని అడగండి. మంచానికి రెండు పక్కలా కటకటాలు ఎత్తి ఉంచి, మెత్తలు పెట్టండి.

క్లోనజెపామ్‌కు తలుపు మూయలేదు. 9 మి.గ్రా. మెలటోనిన్ మీద, కల్లు లేకుండా, వరుసగా రెండు వారాల్లో రెండుసార్లు మూడు గీతలు పడితే 0.25 మి.గ్రా. జోడిస్తాం. ఆ మాత్రలను కొడుకు దగ్గర ఉంచి, వారానికి ఏడు మాత్రమే లెక్కపెట్టి ఇవ్వాలని మాట్లాడుకున్నాం.